2024లో భారత సుప్రీంకోర్టు తీర్పులు

భారత సుప్రీంకోర్టు 1950 జనవరి 28న కొలువుదీరింది. 2024 జనవరి 28తో అది డెబ్బై అయిదో ఏట అడుగుపెట్టింది. లోక్‌సభ ఎన్నికలు కూడా ఆ ఏడాదే రావడంతో కోర్టు వార్త పత్రికల మొదటి పేజీ దిగిన వారం అరుదు. ఎన్నికల బాండ్లు రద్దయ్యాయి, ఎస్సీ వర్గీకరణకు దారి తెరుచుకుంది, బుల్డోజర్లకు పగ్గం పడింది. పెద్ద తీర్పులన్నిటినీ ఒకచోట చేర్చి చదివితే మాత్రం మరో సంగతి బయటపడుతుంది. ఆ సంవత్సరం సుప్రీంకోర్టు అన్నిటికంటే ఎక్కువగా తన పాత తీర్పులనే తిరగదోడింది. 1967, 1989, 1998, 2004, 2018 నాటి తీర్పులు ఒక్కొక్కటిగా చెల్లకుండా పోయాయి.

నవంబరు 10 వరకు డి.వై.చంద్రచూడ్, ఆ మర్నాటి నుంచి సంజీవ్ ఖన్నా ప్రధాన న్యాయమూర్తులుగా ఉన్నారు. తెలుగువారిలో పి.ఎస్.నరసింహ, సంజయ్ కుమార్, ఎస్.వి.ఎన్.భట్టి ఆ ఏడు న్యాయమూర్తులుగా పనిచేశారు. మామూలు కేసులు ఇద్దరు లేదా ముగ్గురు న్యాయమూర్తులు వింటారు. రాజ్యాంగ ప్రశ్న వస్తే అయిదుగురికి తక్కువ కాకుండా కూర్చోవాలి. ఒక ధర్మాసనం చెప్పినదాన్ని అంతే బలం ఉన్న మరో ధర్మాసనం కొట్టివేయలేదు కాబట్టి, అయిదుగురి మాట మార్చాలంటే ఏడుగురు, ఏడుగురి మాట మార్చాలంటే తొమ్మిదిమంది కావాలి. అంతమందిని ఒక కేసుకు కేటాయిస్తే మిగతా కోర్టు హాళ్లు ఖాళీ అవుతాయి. అందుకే ఇలాంటి ప్రశ్నలు ఏళ్ల తరబడి అటక మీద ఉండిపోతాయి. 2024లో తొమ్మిదిమంది ధర్మాసనం తీర్పులే మూడు వచ్చాయి.

ముడుపుల ఓటు

మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఇచ్చిన సీతా సోరెన్ తీర్పు వెనుక ఉన్నది ఒక తెలుగు ప్రధాని పేరుతో నడిచిన కేసు. 1993 జులైలో పి.వి.నరసింహారావు ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం 251–265 ఓట్లతో వీగిపోయింది. ఝార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు కొందరు డబ్బు తీసుకుని ప్రభుత్వాన్ని గట్టెక్కించారని కేసు పెట్టారు. 1998లో సుప్రీంకోర్టు 3–2 తేడాతో, సభలో వేసిన ఓటుకు రాజ్యాంగంలోని 105వ అధికరణం రక్షణ ఇస్తుంది గనుక డబ్బు తీసుకుని ఓటు వేసిన ఎంపీలను విచారించకూడదంది. అదే తీర్పు ప్రకారం డబ్బు తీసుకుని ఓటు వేయనివాడికి మాత్రం రక్షణ లేదు. లంచం పుచ్చుకుని మాట నిలబెట్టుకున్నవాడు బయటపడతాడు, మాట తప్పినవాడు బోనెక్కుతాడు అన్నమాట. ఇచ్చినవాళ్లకూ రక్షణ దొరకలేదు. పి.వి.కి 2000లో కింది కోర్టు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషిగా తేల్చింది.

2012 రాజ్యసభ ఎన్నికల్లో లంచం తీసుకున్నారన్న ఆరోపణ ఎదుర్కొన్న ఎమ్మెల్యే సీతా సోరెన్ తనకూ ఆ 1998 రక్షణ వర్తిస్తుందని వాదించారు. ఆమె శిబూ సోరెన్ కోడలు. శిబూ సోరెన్ ఆ 1993 కేసులో నిందితుల్లో ఒకరు. మామ కేసులో పుట్టిన రక్షణ కోడలి కేసులో పోయింది. లంచం పుచ్చుకున్న క్షణంలోనే నేరం పూర్తయిపోతుందనీ, ఆ తరవాత ఓటు ఎవరికి వేశారన్నదాంతో నిమిత్తం లేదనీ ధర్మాసనం తేల్చింది. పి.వి.కి భారతరత్న ప్రకటించింది ఫిబ్రవరి 9న. అది ప్రదానం చేసింది మార్చి 30న. ఆయన పేరుతో ఉన్న తీర్పు ఈ రెంటి నడుమ రద్దయింది.

వర్గీకరణ

తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికంటే ఆత్రంగా ఎదురుచూసింది ఆగస్టు 1 నాటి తీర్పు కోసం. 1994లో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో మొదలైన దండోరా ఉద్యమం, ఎస్సీలకున్న 15 శాతం రిజర్వేషన్‌లో జనాభాకు తగ్గ వాటా మాదిగలకు దక్కడం లేదని నిలదీసింది. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ ఆ మాటను లెక్కలతో పరిశీలించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోటాను నాలుగుగా విడగొట్టింది: ఏ వర్గంలో రెల్లి తదితరులకు 1 శాతం, బీలో మాదిగ వర్గానికి 7, సీలో మాల వర్గానికి 6, డీలో ఆది ఆంధ్రులకు 1. దీనికి 2000లో చట్టం కూడా చేసింది. 2004 నవంబరు 5న ఇ.వి.చిన్నయ్య కేసులో అయిదుగురి ధర్మాసనం ఆ చట్టాన్ని కొట్టివేసింది. రాష్ట్రపతి ఉత్తర్వులోని ఎస్సీ జాబితా మొత్తం ఒకే వర్గమనీ, రాష్ట్రం దాన్ని ముక్కలు చేయలేదనీ అంది.

ఇరవై ఏళ్ల తరవాత ఆ తీర్పును తప్పించింది పంజాబ్ నుంచి వచ్చిన కేసు. అక్కడ 1975 నుంచీ ఎస్సీ కోటాలో సగం వాల్మీకులకు, మజహబీ సిక్కులకు ముందు ఇచ్చేవారు. చిన్నయ్య తీర్పు దెబ్బకు అదీ పడిపోయింది. చంద్రచూడ్ నాయకత్వంలోని ఏడుగురిలో ఆరుగురు, ఎస్సీలంతా ఒకే మూసలో లేరనీ, వారిలో మరీ వెనకబడినవారికి విడిగా కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందనీ తేల్చారు. అయితే ఇష్టం వచ్చినట్టు పంచే వీలు లేదు. వెనకబాటుకు లెక్కలు చూపాలి, మొత్తం కోటాను ఒకే కులానికి కట్టబెట్టకూడదు, రాష్ట్రం చేసిన పంపకాన్ని కోర్టు పరిశీలించవచ్చు. బేలా త్రివేది ఒక్కరు చిన్నయ్య తీర్పే సరైనదన్నారు.

ఈ తీర్పులోనే, దళిత కుటుంబం నుంచి వచ్చిన జస్టిస్ బి.ఆర్.గవాయ్ ఎస్సీ, ఎస్టీల్లోనూ సంపన్న శ్రేణిని (క్రీమీలేయర్‌ను) గుర్తించి పక్కన పెట్టాలని రాశారు. మరో ముగ్గురు ఆయనతో గొంతు కలిపారు. కోర్టు ముందున్న ప్రశ్న అది కాదు. అయినా బయట పెద్ద దుమారం లేచింది దాని మీదే. ఎస్సీ, ఎస్టీలకు క్రీమీలేయర్ ఉండదని కేంద్ర మంత్రివర్గం ఆగస్టు 9న ప్రకటించింది. ఆగస్టు 21న భారత్ బంద్ జరిగింది. తీర్పు వచ్చిన రోజే ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శాసనసభలో, వర్గీకరణ అమలు చేసే మొదటి రాష్ట్రం తెలంగాణే అవుతుందని చెప్పారు. జస్టిస్ షమీమ్ అఖ్తర్ కమిషన్ సిఫారసుల మేరకు 2025 ఏప్రిల్ 14న అక్కడ 1, 9, 5 శాతాలుగా మూడు వర్గాల పంపకం అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అదే నెలలో 1, 6.5, 7.5గా విభజించింది.

న్యాయశాస్త్రపరంగా ఇది తప్పు దిద్దుకోవడమే. కాని 2004 నుంచి 2024 దాకా డిగ్రీలు చేతబట్టుకుని వయోపరిమితి దాటిపోయిన తరానికి ఈ దిద్దుబాటు వల్ల ఒరిగింది ఏమీ లేదు. తప్పు కోర్టుదని తేలిన చోట కూడా పోయిన ఉద్యోగాలకు పరిహారం అడిగే తోవ లేదు.

బాండ్ల గుట్టు

ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తులు ఎన్నికల బాండ్ల పథకాన్ని ఏకగ్రీవంగా రద్దు చేశారు. 2018 జనవరిలో వచ్చిన ఈ పథకంలో వెయ్యి నుంచి కోటి రూపాయల దాకా విలువగల బాండ్లను స్టేట్ బ్యాంకులో కొని పార్టీలకు ఇవ్వవచ్చు. ఇచ్చినవాడి పేరు ఓటరుకు తెలియదు. అధికారంలో ఉన్నవారికి తెలియకుండా ఉంటుందని ఎవరూ నమ్మలేదు. కంపెనీలు తమ లాభంలో 7.5 శాతానికి మించి విరాళం ఇవ్వకూడదన్న పాత హద్దును కూడా ప్రభుత్వం అంతకుముందే చెరిపేసింది. పార్టీకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో తెలుసుకోవడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం కింద ఓటరు హక్కు అని కోర్టు చెప్పి ఆ సవరణను కూడా కొట్టివేసింది.

తీర్పు కన్నా దాని అమలే రసవత్తరంగా నడిచింది. మార్చి 6లోగా వివరాలు ఎన్నికల సంఘానికి ఇవ్వాలని చెబితే, స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువు కోరింది. అంటే ఎన్నికలు అయిపోయాక. కొన్నవారి వివరాలు ఒకచోట, తీసుకున్న పార్టీల వివరాలు మరోచోట సీలు కవర్లలో ఉన్నాయనీ, రెండూ జతచేయడానికి నెలలు పడుతుందనీ వాదించింది. జతచేయమని మేం అడగలేదు, సీలు తీసి ఉన్నది ఉన్నట్టు ఇవ్వండన్న ధోరణిలో మార్చి 11న ధర్మాసనం ఆ కోరికను తోసిపుచ్చింది. ఇరవై ఆరు రోజులుగా ఏం చేశారని నిలదీసింది. ఒక్క రోజు గడువిచ్చింది. నెలలు కావాలన్న బ్యాంకు మర్నాడు సాయంత్రానికల్లా ఇచ్చేసింది. ఎన్నికల సంఘం మార్చి 14న జాబితాలు బయటపెట్టింది. బాండ్ల మీది సంఖ్యలు ఇవ్వకుండా బ్యాంకు మళ్లీ తప్పించుకోబోతే 18న ఇంకోసారి మందలించి 21కి అవీ రాబట్టారు. ఆ జాబితాలో 1,368 కోట్లతో ఫ్యూచర్ గేమింగ్ మొదటి స్థానంలో, హైదరాబాదు కేంద్రంగా ఉన్న మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లతో రెండో స్థానంలో కనిపించాయి.

పథకం చెల్లదన్నారే గాని, దాని కింద పార్టీలకు చేరిన 16 వేల కోట్లకు పైగా డబ్బు జోలికి ఎవరూ పోలేదు. ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాలన్న పిటిషన్లను ఆగస్టు 2న ఇదే కోర్టు కొట్టివేసింది. ఆరేళ్లు నడవనిచ్చి, ఆ పథకం నడుస్తుండగానే ఒక లోక్‌సభ ఎన్నిక జరిగిపోయాక వచ్చిన తీర్పు ఇది. సూత్రం నిలిచింది. సొమ్ము మాత్రం పార్టీల దగ్గరే ఉంది.

తొమ్మిదిమంది కూర్చున్న కేసులు

గనుల పన్ను కేసు చరిత్ర వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1989లో ఇండియా సిమెంట్ కేసులో ఏడుగురి ధర్మాసనం, ఖనిజాల మీద కట్టే రాయల్టీ పన్నేనని రాసింది. దాంతో గనుల మీద రాష్ట్రాలు విడిగా పన్ను వేసే వీలు పోయింది. 2004లో కేసోరాం కేసు విన్న అయిదుగురు, అది ముద్రారాక్షసమనీ, 'రాయల్టీ మీద సెస్సు పన్ను' అని ఉండాల్సిన చోట 'రాయల్టీ పన్ను' అని పడిందనీ అన్నారు. ఏడుగురి తీర్పులో అచ్చుతప్పు ఉందని అయిదుగురు చెప్పవచ్చా అన్న చిక్కు తేల్చడానికి 2011లో తొమ్మిదిమందికి పంపితే, 2024 జులై 25న 8–1తో జవాబు వచ్చింది. రాయల్టీ పన్ను కాదు, గని లీజుకు చెల్లించే ప్రతిఫలం. ఖనిజ భూముల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలది. 2005 ఏప్రిల్ 1 నుంచి రావాల్సిన బకాయిలు వసూలు చేసుకోవచ్చనీ, 2026 ఏప్రిల్ నుంచి పన్నెండేళ్లలో వాయిదాలుగా తీసుకోవాలనీ ఆగస్టు 14న చేర్చారు. ఒడిశా, ఝార్ఖండ్ వంటి రాష్ట్రాలకు ఇది పెద్ద ఊరట.

అక్టోబరు 23న పారిశ్రామిక ఆల్కహాలు మీద రాష్ట్రాలకు అధికారం ఉందని మరో 8–1 తీర్పు వచ్చింది. ఈ రెండు కేసుల్లోనూ విడిగా నిలబడింది జస్టిస్ బి.వి.నాగరత్న. గనుల విషయంలో రాష్ట్రాలు పోటీలు పడి పన్నులు పెంచితే ఖనిజాభివృద్ధి చిందరవందర అవుతుందని ఆమె హెచ్చరించారు. ఆ మాటలో నిజం ఎంతో రాబోయే ఏళ్లలో తేలుతుంది.

మూడోది ప్రైవేటు ఆస్తుల కేసు. ముంబైలో శిథిలమైన పాత భవనాలను స్వాధీనం చేసుకునే చట్టం మీద 1992లో వేసిన పిటిషన్ 2024 నవంబరు 5న తేలింది. 39(బి) అధికరణంలోని 'సమాజ భౌతిక వనరులు' అన్న మాటలో ప్రతి ప్రైవేటు ఆస్తీ వస్తుందని 1977లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన అభిప్రాయాన్ని మెజారిటీ నిరాకరించింది. కొన్ని ప్రైవేటు వనరులు రావచ్చు గాని, అన్నీ రావంది. జస్టిస్ ధూలియా పూర్తిగా విభేదించారు. నాగరత్న కొంతవరకు ఒప్పుకున్నారు. ఒక కాలంలో దేశం నమ్మిన ఆర్థిక విధానాన్ని బట్టి రాసిన న్యాయమూర్తిని ఇప్పటి కళ్లద్దాలతో చూసి తప్పుపట్టడం తగదని ఇద్దరూ బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే.

అంతకన్నా చిన్న ధర్మాసనాలూ పాత తీర్పులను తిరగదోడాయి. నవంబరు 8న, చంద్రచూడ్ ఆఖరి పనిదినాన, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ కేసులో 4–3తో 1967 నాటి అజీజ్ బాషా తీర్పు పోయింది. చట్టం ద్వారా ఏర్పడినంత మాత్రాన మైనారిటీ సంస్థ కాకుండా పోదన్నారు. అలీగఢ్ అలాంటి సంస్థ అవునా కాదా అన్నది మరో ధర్మాసనానికి వదిలేశారు. హైకోర్టు ఇచ్చిన స్టే ఆరు నెలలకు తనంతట తానే రద్దవుతుందన్న 2018 తీర్పును ఫిబ్రవరి 29న అయిదుగురు తీసివేశారు. అస్సాం ఒప్పందాన్ని అనుసరించి పౌరసత్వ చట్టంలో చేర్చిన 6ఎ సెక్షన్‌ను మాత్రం అక్టోబరు 17న 4–1తో నిలబెట్టారు.

బెయిలు, బుల్డోజరు, జైలు

జనవరి 8న నాగరత్న, ఉజ్జల్ భుయాన్ గుజరాత్ అల్లర్ల నాటి బిల్కిస్ బానో అత్యాచారం కేసులో పదకొండుమంది దోషులకు గుజరాత్ ఇచ్చిన శిక్ష తగ్గింపును రద్దు చేసి, రెండు వారాల్లో జైలుకు తిరిగి వెళ్లమన్నారు. విచారణ జరిగింది ముంబైలో కాబట్టి ఆ అధికారం మహారాష్ట్రది. గుజరాత్‌కు అధికారం ఉందని 2022 మేలో సుప్రీంకోర్టే చెప్పింది కదా అంటే, నిజాలు దాచి తెచ్చుకున్న ఆ తీర్పు చెల్లదన్నారు. ఇక్కడా దిద్దుబాటే. కాకపోతే రెండేళ్లలోపే జరిగింది.

చండీగఢ్ మేయర్ ఎన్నిక కేసులో కోర్టు హాలే ఓట్ల లెక్కింపు కేంద్రమైంది. జనవరి 30న పోలైన 36 ఓట్లలో ఎనిమిదింటిని ప్రిసైడింగ్ అధికారి చెల్లవని పక్కన పడేయడంతో బీజేపీ 16–12తో గెలిచింది. ఆయన కెమెరా ముందే బ్యాలెట్ల మీద గీతలు గీయడం వీడియోలో కనిపించింది. ఫిబ్రవరి 20న ఆ ఎనిమిది పత్రాలను న్యాయమూర్తులు స్వయంగా చూశారు. అన్నీ ఆమ్‌ఆద్మీ అభ్యర్థి కుల్దీప్ కుమార్‌కు పడినవే. ఆయనే మేయర్ అని అక్కడికక్కడే ప్రకటించి, అధికారికి నోటీసు ఇచ్చారు. ఆ ఏడాది ఇంత వేగంగా, ఇంత సూటిగా తేలిన కేసు మరొకటి లేదు.

ఢిల్లీ మద్యం కేసులో ఆగస్టు 9న మనీశ్ సిసోదియాకు, సెప్టెంబరు 13న కేజ్రీవాల్‌కు బెయిలు దొరికింది. మధ్యలో ఆగస్టు 27న కల్వకుంట్ల కవితకు ఇచ్చారు. మనీలాండరింగ్ చట్టం 45వ సెక్షన్‌లో మహిళలకు ఉన్న మినహాయింపు చదువుకున్న మహిళలకు వర్తించదన్న ఢిల్లీ హైకోర్టు అభిప్రాయాన్ని గవాయ్, విశ్వనాథన్ తప్పుబట్టారు. అదే ఇద్దరూ నవంబరు 13న బుల్డోజర్ కేసులో, నేరారోపణ ఉన్నంత మాత్రాన ఇల్లు కూల్చడం కుదరదని తేల్చారు. పదిహేను రోజుల ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, వాదన వినడం, కూల్చివేతను వీడియో తీయడం తప్పనిసరి చేశారు. అతిక్రమించిన అధికారి సొంత డబ్బుతో నష్టం భర్తీ చేయాలి. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు మార్గాలు, నీటి వనరుల మీది ఆక్రమణలకు ఈ రక్షణ లేదు. ఆ ఏడు హైదరాబాదులో చెరువుల ఆక్రమణలపై హైడ్రా సంస్థ చేసిన కూల్చివేతల మీద రగిలిన రచ్చలో ఈ మినహాయింపు గురించి మాట్లాడినవారు తక్కువ.

జైళ్లలో వంట పైకులాలకు, పాకీ పని కిందికులాలకు అప్పగించే నిబంధనలను అక్టోబరు 3న కొట్టివేశారు. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన డెబ్బై ఏడేళ్లకు ఆ పని చేయాల్సి వచ్చింది, అదీ ఒక విలేఖరి పిటిషన్ వేస్తే.

బట్టమేక పిట్టను కాపాడేందుకు కరెంటు తీగలను భూమిలో వేయాలన్న 2021 ఆదేశాన్ని మార్చి 21న సడలిస్తూ, వాతావరణ మార్పుల చెడుఫలితాల నుంచి రక్షణ పౌరుల హక్కు అని చెప్పారు. కేసు రాజస్థాన్, గుజరాత్‌లది. ఈ పిట్ట కోసమే కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది.

తెలుగు నేల నుంచి వెళ్లినవి

విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా నేరశిక్షాస్మృతి 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని జులై 10న వచ్చిన తీర్పు తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనిది. నెలకు పదివేల మధ్యంతర భరణం మీద భర్త చేసిన అప్పీలు దేశానికంతటికీ వర్తించే తీర్పు అయింది. తిరుమల లడ్డూ నెయ్యి కల్తీ వివాదంలో అక్టోబరు 4న సీబీఐ, రాష్ట్ర పోలీసుల నుంచి ఇద్దరేసి, ఆహార భద్రతా సంస్థ నుంచి ఒకరితో దర్యాప్తు బృందం వేశారు.

నవంబరు 25న ఖన్నా, దీపాంకర్ దత్తా ధర్మాసనం హైదరాబాదు మహానగరంలో ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఐఏఎస్‌లు, న్యాయమూర్తులు, విలేఖరుల హౌసింగ్ సొసైటీలకు స్థలాలు ఇచ్చిన ఉమ్మడి రాష్ట్రపు జీవోలను రద్దు చేసింది. ప్రభుత్వ భూమిని పెద్దలు తమలో తాము తక్కువ ధరకు పంచుకోవడమేనంది. కట్టిన డబ్బు వడ్డీతో తిరిగి ఇవ్వమంది. లబ్ధిదారుల్లో న్యాయమూర్తులే ఉన్న కేసులో కోర్టు ఈ మాట అనగలగడం మెచ్చదగ్గది. విలేఖరుల సొసైటీకి 2022లో ఇదే కోర్టులో ఊరట దొరికింది. రెండేళ్లకు అదీ పోయింది.

స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో చంద్రబాబు నాయుడి పిటిషన్ మీద జనవరి 16న ఇద్దరు న్యాయమూర్తులు చెరో దారి పట్టారు. అవినీతి నిరోధక చట్టం 17ఎ కింద ముందస్తు అనుమతి అవసరమని అనిరుద్ధ బోస్, 2018 సవరణకు ముందరి ఆరోపణలకు అది వర్తించదని బేలా త్రివేది రాశారు. విస్తృత ధర్మాసనం కోసం కేసు ప్రధాన న్యాయమూర్తి ముందుకు వెళ్లింది. తెలుగు నేలది కాకపోయినా అలాగే తేలకుండా మిగిలింది మరొకటి ఉంది. డిసెంబరు 12న ఖన్నా, సంజయ్ కుమార్, విశ్వనాథన్ ధర్మాసనం, ప్రార్థనా స్థలాల మతస్వభావం మార్చరాదన్న చట్టం మీది కేసు తేలేదాకా దేశంలో ఏ కోర్టూ అలాంటి స్థలాల మీద కొత్త దావాలు నమోదు చేయరాదని, సర్వేలకు ఆదేశించరాదని చెప్పింది. ఆ కేసూ, 17ఎ వివాదమూ, అలీగఢ్ ప్రశ్నా తేలకుండానే 2024 ముగిసింది. అప్పటికి సుప్రీంకోర్టులో పెండింగ్ కేసులు 80 వేలకు పైనే.